ఎలుకల ధమనులపై జరిగిన ప్రయోగాలు మన తిండికి ఎంతవరకు వర్తిస్తాయి?

ప్రశ్న (అనంతపురం నుండి):
మా నాన్నగారికి చక్కెర వ్యాధి ఉన్నా, వేరుశనగ నూనెలో వేయించిన బజ్జీలు గానీ పండుగ ఓళిగలు గానీ మానడం లేదు. కొవ్వు, చక్కెర ఎక్కువగా ఉన్న మేతతో ఎలుకల రక్తనాళాలు దెబ్బతిన్నాయని చెబితే, "ఎలుకకూ మనిషికీ పోలికేముంది?" అంటున్నారు. ఆ ప్రయోగాలలో నిజంగా ఏం చేస్తారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1 (కడప, ఫార్మకాలజీ బోధకుడు):
మీ నాన్నగారి సందేహం సబబైనదే. మామూలు చిట్టెలుకలో కొలెస్టరాల్ ఎక్కువ భాగం హెచ్‌డీఎల్ ("మంచి కొలెస్టరాల్") రూపంలోనే తిరుగుతుంది కనుక, దాని ధమనులలో కొవ్వు సులభంగా పేరుకోదు. అందుకే 1992లో రక్తంలోని కొవ్వును తొలగించడానికి తోడ్పడే ఏపీఓఈ అనే జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేశారు. వాటికి తరచుగా పెట్టే మేతలో బరువు ప్రకారం సుమారు 21 శాతం పాలకొవ్వు, మూడో వంతు చక్కెర, 0.2 శాతం కొలెస్టరాల్ ఉంటాయి.

పేరుకున్న కొవ్వును చూడడం ఒక పద్ధతి; నాళం పనితీరును కొలవడం మరొకటి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. బృహద్ధమని నుండి కోసిన చిన్న ఉంగరం వంటి ముక్కను, ఆక్సిజన్ అందే 37 డిగ్రీల ఉప్పు ద్రావణంలో రెండు సన్నని తీగల మధ్య వేలాడదీసి, ముందు మందుతో బిగుసుకునేలా చేసి, తరువాత నాళాన్ని సడలమని సంకేతమిచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చుక్కలు వేస్తారు. లోపొర ఆరోగ్యంగా ఉంటే అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి ముక్కను సడలిస్తుంది. కొవ్వు మేత తిన్న జంతువులలో ఆ సడలింపు తగ్గుతుంది.

జవాబు 2 (కర్నూలు):
వేరుశనగ మన సీమ పంట కనుక ఒక మాట చేర్చాలి. 1970ల తొలినాళ్లలో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ క్రిచెవ్‌స్కీ బృందం కొలెస్టరాల్ కలిపిన మేతలో వేరుశనగ నూనె వాడినప్పుడు, మొక్కజొన్న నూనె వాడినప్పటికంటే కుందేళ్ల ధమనులలో ఎక్కువ కొవ్వు పూత ఏర్పడింది. అయితే కుందేలు శాకాహారి. కొలెస్టరాల్‌ను వదిలించుకునే శక్తి దానికి తక్కువ. ఆ ఫలితాన్ని చూసి మన నూనెను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. మనుషులలో నెయ్యి, వెన్న స్థానంలో వేరుశనగ వంటి అసంతృప్త నూనెలు వాడితే ఎల్‌డీఎల్ ("చెడు కొలెస్టరాల్") తగ్గుతుందని పరీక్షలు చూపాయి.

జవాబు 1 మళ్లీ:
అంగీకరిస్తాను. అయితే ఒక విషయం నాన్నగారికి తప్పక చెప్పండి: కొవ్వు, చక్కెర మేత తిన్న చిట్టెలుకలలో రక్తపోటు పెరగడానికి ముందే ధమని గోడ గట్టిపడింది, మామూలు మేతకు తిరిగి మార్చాక ఆ గట్టిదనం తగ్గింది.