బకెట్‌తో రంగు పోస్తే గీత పక్కన తెల్ల నలకలు మిగులుతున్నాయి, తోకలో పోస్తే పేజీ అంతా నిండిపోతోంది

చేపబొమ్మ:
పొద్దుటి నుంచి దీని మీదే కూర్చున్నాను. కంప్యూటర్‌లో విండోస్‌తో వచ్చే పెయింట్ ప్రోగ్రామ్‌లో చేప బొమ్మ గీశాను. ఒంటికి నారింజ రంగు వేద్దామని రంగు నింపే బకెట్ టూల్‌తో నొక్కితే రంగు నిండుతోంది గానీ నల్లగీత పొడుగునా తెల్లవి, బూడిద రంగువి నలకలు మిగిలిపోతున్నాయి. ఆ నలక మీద నొక్కితే అదొక్కటే మారుతోంది, పక్కది అలాగే ఉంటోంది. ఎన్నింటి మీదని నొక్కను? తోక దగ్గర ఇంకా ఘోరం. ఒక్క నొక్కుకి పేజీ మొత్తం నారింజ అయిపోతోంది. గీత ఎక్కడా తెగినట్టు కనిపించట్లేదు. ఇవాళ రాత్రికి ఈ బొమ్మ అయిపోవాలి, ఎవరైనా చెప్పండి.

ఓపిక:
ఫైల్ జేపీజీయా? గీసింది పెన్సిల్‌తోనా, బ్రష్‌తోనా? విండోస్ ఏది?

కుంచెపట్టు:
ఫైల్ ఏదైనా సరే, అసలు సంగతి బ్రష్‌లో ఉంటుంది. బ్రష్‌తో గీస్తే అంచు నునుపుగా కనబడాలని నలుపుకీ తెలుపుకీ మధ్యలో బూడిద రంగు పిక్సెళ్ళు, అంటే బొమ్మని కూర్చే సన్నని చుక్కలు, వరసగా పడతాయి. మామూలు సైజులో కంటికి ఆనవు. 800 శాతానికి జూమ్ చేస్తే ముదురు బూడిద, లేత బూడిద, ఇంకా లేత బూడిద అని మెట్లుమెట్లుగా కనబడతాయి. బకెట్ చేసే పని ఒక్కటే. మీరు నొక్కిన పిక్సెల్ రంగు ఏదో చూసుకుని, దాన్ని ఆనుకుని అచ్చం అదే రంగులో ఉన్నవాటిని మారుస్తూ పోతుంది. కొంచెం తేడా ఉన్నా అక్కడ ఆగిపోతుంది. అందుకే ఆ బూడిద వరస అలాగే మిగులుతుంది. పెన్సిల్ గీతకి ఈ మెట్లు ఉండవు, ఒక పక్క నలుపు, ఆ పక్కనే తెలుపు. రంగు నింపాల్సిన బొమ్మని పెన్సిల్‌తో గీయాలి. దాని మందం 1 నుంచి 4 పిక్సెళ్ళ దాకా సైజ్‌లో ఎంచుకోవచ్చు. ఇంకా లావు కావాలంటే కంట్రోల్ పట్టుకుని కీబోర్డు కుడివైపు అంకెల దగ్గరున్న ప్లస్ నొక్కుతూ పోండి.

చేపబొమ్మ:
విండోస్ 10. ఒళ్ళు బ్రష్‌తోనే గీశాను, కళ్ళు ఓవల్ టూల్‌తో. నిన్న గీసి జేపీజీగా దాచాను, అదైతే ఎక్కడైనా తెరుచుకుంటుంది కదా అని. ఇవాళ తెరిచి రంగు వేస్తున్నా. ఫైల్‌కీ రంగుకీ సంబంధం ఏమిటి?

ఓపిక:
ఉంది. జేపీజీ బొమ్మని 8 బై 8 పిక్సెళ్ళ గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో సన్నని వివరాలు తగ్గించి దాస్తుంది. నల్లగీత వెళ్ళే గడిలో తెల్లగా ఉండాల్సిన పిక్సెళ్ళ వెలుతురు అంకె 255 (నిండు తెలుపు) నుంచి 251, 247 ఇలా చెదురుతుంది. గీత లేని గడి శుభ్రంగా తెల్లగానే ఉంటుంది. కాబట్టి మధ్యలో రంగు నిండుతుంది, గీత చుట్టూ నలకలు మిగులుతాయి. ఒక్కో నలకది ఒక్కో రంగు, అందుకే నొక్కితే అదొక్కటే మారుతోంది. బ్రష్ వల్ల వచ్చే బూడిద వరస వేరు, ఇది వేరు. మీ బొమ్మకి రెండూ ఉన్నాయి. ఇకనుంచి పీఎన్‌జీగా దాచండి, అందులో రంగులు ఇలా చెదరవు.

నీలికాగితం:
ఇంత అవస్థ ఎందుకండీ. గీతలు పై లేయర్‌లో (పొరలో), రంగు కింది లేయర్‌లో పెట్టుకుంటే నలకల గొడవే రాదు. లేయర్లున్న సాఫ్ట్‌వేర్‌కి మారిపోండి. విండోస్ 11 పెయింట్‌లో కూడా 2023లోనే లేయర్లు వచ్చాయి.

ఓపిక:
ఆయనది విండోస్ 10 అని పైనే రాశారు.

నీలికాగితం:
అయితే ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ ఉంది కదా. కలర్ 2 (పెయింట్ పైన కలర్ 1 పక్కనుండే రెండో రంగు గడి) తెలుపు పెట్టి, ట్రాన్స్‌పరెంట్ సెలెక్షన్ టిక్ చేసి, బొమ్మ మొత్తం ఎంచుకుని పీఎన్‌జీగా దాస్తే వెనకున్న తెలుపు పోతుంది. ఆ తర్వాత రంగుల కాగితం మీద పరుచుకోవచ్చు.

కుంచెపట్టు:
పోదండీ. మీరంటున్న ట్రాన్స్‌పరెంట్ ఫైల్‌కి సంబంధించింది, ఆ టిక్ పని చేసేది సెలెక్షన్‌కి. ఎంచుకున్న ముక్కని జరిపేటప్పుడో, పేస్ట్ చేసేటప్పుడో అందులో కలర్ 2 రంగున్న పిక్సెళ్ళని వదిలేసి మిగతావి దించుతుందంతే. విండోస్ 10 పెయింట్‌లో ఎలా దాచినా తెలుపు తెలుపుగానే ఉంటుంది. అక్కడ కూడా అచ్చం కలర్ 2 రంగునే వదులుతుంది కాబట్టి జేపీజీలో చెదిరిన 251, 247 అన్నీ కింద రంగు మీద మచ్చలుగా దిగుతాయి. ఎక్కడ మొదలెట్టామో, మళ్ళీ అక్కడికే వచ్చాం.

నీలికాగితం:
నేను చెప్పేది శుభ్రమైన ఫైల్ సంగతి. అందులో పనిచేస్తుంది.

కుంచెపట్టు:
పెన్సిల్‌తో గీసి పీఎన్‌జీలో ఉంటే పేస్ట్ వరకు చక్కగా పనిచేస్తుంది, కాదనను. అలాంటి ఫైల్‌కి బకెట్ కూడా చక్కగానే పనిచేస్తుంది.

చుక్కలముగ్గు:
అడిగినాయన తోక సంగతి ఎవరూ చెప్పలేదు. గీత తెగలేదని మామూలు సైజులో చూసి అంటున్నారు. కంట్రోల్ జీ నొక్కి గళ్ళు తెప్పించి, 800 శాతం జూమ్‌లో తోక గీత వెంబడి ఒక చివర నుంచి ఇంకో చివరకి జరుపుకుంటూ వెళ్ళండి. ఒక్క పిక్సెల్ సందు చాలు, రంగు బయటికి కారిపోతుంది. ఎక్కువగా సందు ఉండేది రెండు గీతలు కలిసే మూలల్లో, గీత మొదలెట్టిన చోటా ముగించిన చోటా. రెండు పిక్సెళ్ళు మూలకి మూల తాకితే భయం లేదు, ఆ ఏటవాలు సందులోంచి రంగు దాటదు. పక్కపక్కన ఖాళీ ఉంటేనే దాటుతుంది. సందు దొరికాక 1 పిక్సెల్ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. అది నలుపే కానక్కర్లేదు, లోపలున్న తెలుపు కాని ఏ రంగైనా గోడే. గీత రంగులోనే కలవాలంటే కలర్ పికర్‌తో గీత మీద నొక్కి ఆ రంగు తీసుకోండి.

సందు ఎంతకీ దొరక్కపోతే తోక మధ్యలో ఏదో ఒక రంగుతో అడ్డంగా గీత గీసి ఒక సగంలో బకెట్ నొక్కండి. పేజీ నిండితే సందు ఆ సగంలోనే. కంట్రోల్ జడ్ కొట్టి ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. ఎంత పెద్ద బొమ్మలోనైనా ఇలా త్వరగా దొరుకుతుంది.

మౌస్‌రాత:
నలకలకి రబ్బరు చిట్కా వాడండి. రబ్బరు తీసుకుని మౌస్ కుడి బటన్ పట్టి రుద్దితే కలర్ 1 ఉన్న చోట మాత్రమే కలర్ 2 పడుతుంది, మిగతా రంగుల జోలికి పోదు. కలర్ 1 తెలుపు, కలర్ 2 నారింజ పెట్టి గీత మీదుగా రుద్దేయండి.

ఓపిక:
చిట్కా మంచిదే, ఇక్కడికి పనికిరాదు. అదీ అచ్చం అదే రంగు కావాలనేదే.

కుంచెపట్టు:
ఉన్న బొమ్మని బాగుచేసుకునే దారి ఒకటి ఉంది. సేవ్ యాజ్‌లో మోనోక్రోమ్ బిట్‌మ్యాప్ ఎంచుకుని వేరే పేరుతో దాచండి. అందులో రెండే రంగులు, నలుపు, తెలుపు. లేత బూడిద, చెదిరిన తెలుపు అంతా తెలుపులోకి పోతుంది, ముదురుది నలుపులోకి పోతుంది. తర్వాత ఆ ఫైల్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టండి. కంట్రోల్ ఎన్‌తో కొత్త కాగితం తీసి కంట్రోల్ వీ. నేరుగా ఆ మోనోక్రోమ్ ఫైల్‌లోనే రంగు వేయబోతే నలుపు తెలుపులే దక్కుతాయి, అందుకే ఈ కొత్త కాగితం. దాన్ని వెంటనే పీఎన్‌జీగా దాచి, అప్పుడు బకెట్ ముట్టుకోండి. అంచులు కాస్త పళ్ళుపళ్ళుగా కనబడతాయి, రంగు మాత్రం గీత దాకా నిండుతుంది. లేతగా గీసిన గీతలుంటే మాయమవుతాయి, ముందే వాటిని నలుపుతో దిద్దుకోండి.

మౌస్‌రాత గారి రబ్బరు ఇలా చేశాక బంగారంలా పనికొస్తుంది. నల్లగీతలన్నీ నీలం చేయాలనుకోండి. కలర్ 1 నలుపు, కలర్ 2 నీలం, కుడి బటన్‌తో రుద్దితే గీతలే మారతాయి.

చేపబొమ్మ:
ఒంటికి నారింజ వేసింది జేపీజీలోనే సేవ్ అయిపోయింది. నిన్నటి తెల్లది లేదు. ఇప్పుడు మోనోక్రోమ్ చేస్తే?

చుక్కలముగ్గు:
ముందు నారింజ మీద బకెట్‌తో తెలుపు పోసి, అప్పుడు మోనోక్రోమ్ చేయండి. అక్కడక్కడా నల్లచుక్కలు దిగొచ్చు, రబ్బరుతో తుడిస్తే సరి. బకెట్‌తో నలకల మీద ఒక్కొక్కటిగా నొక్కడం మాత్రం ఆపండి. పెయింట్ వెనక్కి తీసుకెళ్ళేది 50 అడుగులే, నలకలకే అవి అయిపోతే అసలు తప్పు సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలవు.

ఇంకో మాట. బొమ్మ సైజు పెంచాలన్నా తగ్గించాలన్నా రంగు వేయకముందు, మోనోక్రోమ్‌కి ముందు చేసేయండి. కంట్రోల్ డబ్ల్యూతో సైజు మారిస్తే పిక్సెళ్ళని కలిపి కొత్త రంగులు పుట్టిస్తుంది, అంచున మళ్ళీ బూడిద వరస వస్తుంది. జూమ్ వల్ల ఏమీ మారదు. 90 డిగ్రీలు తిప్పినా మారదు.

నీలికాగితం:
కళ్ళు ఓవల్‌తో గీశానన్నారు. ఆ అంచులూ నునుపుగానే పడతాయి, పెన్సిల్ మందం పెట్టినా సరే. మోనోక్రోమ్ అయ్యాక కొత్తగా ఓవల్ గీసి అందులో బకెట్ పోస్తే మళ్ళీ నలకలే. షేప్స్ పక్కన అవుట్‌లైన్, ఫిల్ అని రెండు ఉంటాయి. రెండిటికీ సాలిడ్ కలర్ పెట్టండి, కలర్ 1 గీతకి, కలర్ 2 లోపలికి. షిఫ్ట్ పట్టుకుని లాగితే నిండు గుండ్రం వస్తుంది. గీతా రంగూ ఒకేసారి పడతాయి కాబట్టి మధ్యలో తెల్ల వరస మిగలదు.

ఓపిక:
ఇది సరైన సలహా.

చేపబొమ్మ:
తోక నిండింది, సందు కింది మూలలో ఉంది. కళ్ళు చేస్తున్నా. థ్యాంక్సండీ అందరికీ.

మౌస్‌రాత:
మొప్పల దగ్గర వంపు గీతలకి కర్వ్ టూల్ వాడారా? నాకు రెండో వంపు ఎప్పుడూ అటుపక్కకే పోతుంది, ఎస్ ఆకారం వస్తుంది.

ఓపిక:
ముందు తిన్నని గీత లాగాలి, ఆ తర్వాత రెండుసార్లు వంచాలి. రెండు లాగుళ్ళూ గీతకి ఒకే పక్కన చేస్తే విల్లు వస్తుంది, చెరో పక్కన చేస్తే ఎస్. దాని అంచులూ నునుపే, రంగు నింపే బొమ్మ అయితే దాన్ని కూడా మోనోక్రోమ్‌కి ముందే గీయండి.

మౌస్‌రాత:
మోనోక్రోమ్ చేశాక 2 పిక్సెళ్ళ గీత ఒక్కోచోట 1, ఒక్కోచోట 3గా అవుతోంది. దానికేమైనా ఉందా?