కార్న్‌ఫ్లోర్ అడిగితే పసుపు పిండి ఎందుకొచ్చింది?

డల్లాస్‌లో కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ కొంటే లోపల పసుపు పిండి ఉందనీ, కొట్టువాళ్లు మోసం చేశారా అనీ అడిగారు కదండీ. మోసమేమీ లేదు. మీరు బ్రిటన్ ఇంగ్లీషులో అడిగారు, వాళ్లు అమెరికా ఇంగ్లీషులో ఇచ్చారు.

మనకు కార్న్‌ఫ్లోర్ అంటే గోబీ మంచూరియాలో కలిపే తెల్లటి పొడి. వేళ్ల మధ్య నొక్కితే కిర్రుమంటుంది. మొక్కజొన్న గింజలోంచి తీసిన పిండిపదార్థం అది. బ్రిటన్‌లోనూ దాని పేరు కార్న్‌ఫ్లోరే. అమెరికాలో దాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్ ఫ్లోర్ అంటే ఎండిన గింజను మెత్తగా మరపట్టిన పిండి. దాంతో సూప్ చిక్కబరిస్తే ఆ నిగనిగ రాదు, మసగ్గా తేలుతుంది. ఈసారి స్టార్చ్ అని రాసి ఉన్న డబ్బా తెచ్చుకోండి.

అసలు తిరకాసంతా కార్న్ అనే మాటలో ఉంది. పాతకాలపు ఇంగ్లీషులో ఏ ధాన్యమైనా కార్నే. ఇంగ్లండులో ఎక్కువగా గోధుమని, స్కాట్లండులో ఓట్స్‌ని అలా పిలిచేవారు. 1815లో తెచ్చి 1846లో ఎత్తేసిన కార్న్ లాస్‌ని ‘మొక్కజొన్న చట్టాలు’ అని తెలుగు చేస్తే కొంప మునిగినట్టే, అవి ధాన్యం దిగుమతుల మీద పెట్టిన చట్టాలు. కార్న్డ్ బీఫ్‌లోనూ మొక్కజొన్న ఉండదు, ఆ కార్న్ ఉప్పు పలుకులు.

అమెరికా చేరిన వలసదారులు అక్కడి కొత్త పంటని ‘ఇండియన్ కార్న్’ అన్నారు. వాడగా వాడగా ముందుమాట రాలిపోయింది. మనమూ చేసిందదే, తెలిసిన జొన్నకి ఓ ముందుమాట తగిలించాం. కాకపోతే తెలంగాణలో ‘మక్కలు’ అన్నప్పుడు రాలిపోయింది జొన్న!

బిస్కెట్ సంగతి కూడా ఎవరో అడిగారు. లాటిన్ మూలంలో ‘రెండుసార్లు కాల్చినది’ అని అర్థం. అమెరికా దక్షిణాది రాష్ట్రాల బిస్కెట్ ఒక్కసారే కాలుతుంది, మెత్తగా ఉంటుంది, గ్రేవీతో తింటారు. టీలో ముంచే ఆలోచన పెట్టుకోకండి.

వీటన్నిటికన్నా పర్సుకీ పొట్టకీ తగిలే మాట ఆంట్రే. అమెరికా మెనూలో అది అసలు భోజనం, ఆస్ట్రేలియాలో స్టార్టర్. సిడ్నీలో మంచి ఆకలి మీద వెళ్లి అదొక్కటే చెప్పి ఊరుకుంటే, ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకోవాల్సిందే.