అప్‌డేట్: నాన్న పడక పుండు, తిండి సంగతి

పోయిన నెల అడిగాను కదా, తుంటి ఎముక విరిగి నెల్లూరులో ఆసుపత్రిలో ఉన్న నాన్నకి నడుము కింద పుండు పడింది, ఏం పెట్టాలి అని. మేము చేసిన తప్పేంటంటే, చీము పడుతుందని గుడ్డు, చేప, పప్పు అన్నీ మాన్పించి మూడు పూటలా చారన్నం, ఇడ్లీ. డైటీషియన్ వచ్చి బాగా కోప్పడ్డారు. పుండు ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, 30 నుంచి 35 క్యాలరీలు కావాలంట. నాన్న 50 కిలోలు, అంటే 62 నుంచి 75 గ్రాములు, గుడ్డుకి వచ్చేది ఆరు గ్రాములే, లెక్క మీరే వేసుకోండి. కిడ్నీ రిపోర్టులు చూశాకే ఇది చెప్పారు, కాబట్టి మీ ఇంట్లో డాక్టర్‌నో డైటీషియన్‌నో అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం మెత్తగా పిసికిన పప్పన్నం, ముళ్లు తీసిన కొర్రమీను, మధ్యమధ్యలో పాలపొడి కలిపిన పాలు. ఒకేసారి తినలేడు, అందుకే చిన్న గిన్నెలో ఆరుసార్లు. అమ్మ చేప దగ్గర ఇంకా గొణుగుతూనే ఉంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మాత్రం ఆపలేదు, తిండి ఒక్కదానితో మానదు.

నిన్న డ్రెస్సింగ్ మార్చేటప్పుడు చూశా, అడుగున పసుపు పొర పోయి ఎర్రటి కండ కనిపిస్తోంది, మంచి గుర్తేనని సిస్టర్ చెప్పింది. పూడటానికి ఇంకా వారాలు పడుతుందట.