దొలోరెస్ దెల్ రియోను ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

నలుపుతెలుపు:

హాలీవుడ్ నాట్యజంట ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ తొలిసారి కలిసి కనిపించిన సినిమా కదా అని 1933 నాటి ‘ఫ్లయింగ్ డౌన్ టు రియో’ చూశాను. తీరా చూస్తే టైటిళ్లలో మొదటి పేరు వాళ్లిద్దరిదీ కాదు, దొలోరెస్ దెల్ రియో అనే మెక్సికన్ నటిది. ఆవిడ గురించి వెతికితే వ్యాసాలన్నీ ఒకటే పాట: ఎంత అందగత్తె, ఎవరిని పెళ్లాడింది, ఆర్సన్ వెల్స్ ఆవిడను ఎంతగా ప్రేమించాడు. నటన గురించి రాసినవాళ్లు కనబడలేదు.

ఇంకో సంగతి. హిందీ సినిమా ‘నీచా నగర్’కు 1946లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఏడాది ఆ బహుమతి పంచుకున్న 11 సినిమాల్లో ఈవిడ నటించిన ‘మరియా కాందెలారియా’ కూడా ఉంది. హాలీవుడ్ తార మెక్సికో సినిమాలోకి ఎలా వచ్చింది? అవకాశాలు తగ్గి ఇంటిదారి పట్టిందా? అసలు నటి అనదగ్గ మనిషేనా? ఏ సినిమాతో మొదలుపెట్టమంటారు?

పాతరీలు:

కాన్ బహుమతి సినిమాతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు ‘లా ఓత్రా’ చూడండి. 1946లో రొబెర్తో గవల్దోన్ తీసిన నేరకథ, ద్విపాత్రాభినయం. కవలల్లో ఒకతె డబ్బున్న వితంతువు, రెండో ఆమె గోళ్లు తీర్చి రంగు వేసే పనితో బతికే మనిషి. పేద సోదరి డబ్బున్న సోదరిని చంపి ఆమె స్థానంలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను. ఇదే కథను హాలీవుడ్ 1964లో బెటీ డేవిస్‌తో ‘డెడ్ రింగర్’గా మళ్లీ తీసింది. మన ద్విపాత్రాభినయాల్లో ఒకరికి పొగరు, ఒకరికి అమాయకత్వం ఇచ్చేసి చేతులు దులుపుకోవడం మామూలే. ఇక్కడ దొలోరెస్ చేసింది అంతకంటే కష్టమైన పని: ఒకతె రెండో ఆమెలా నటిస్తోందని, ఆ నటన ఆమెకు పూర్తిగా పట్టుబడలేదని మనకు తెలుస్తూ ఉండాలి. అది చూశాక నటి అవునా కాదా అని మీరే చెప్పండి.

ఇక ఇంటిదారి సంగతి. ఈ మాట ఎక్కడ చదివినా నాకు ఒళ్లు మండుతుంది. హాలీవుడ్ కాదన్నాక సొంత దేశం ఆసరా ఇచ్చినట్టు రాస్తారు. నా లెక్కలో ఆవిడ హాలీవుడ్‌లో గడిపిన కాలమే ముందుమాట.

1904లో ఉత్తర మెక్సికోలోని దురాంగోలో పుట్టింది. తండ్రి బ్యాంకు అధికారి, తల్లిది జమీందారీ వంశం. విప్లవం వచ్చి పాంచో వియా సేనలు దగ్గరపడేసరికి ఆస్తి వదులుకుని పారిపోయారు. 1921లో, ఇంకా 17 నిండకముందే, తనకంటే చాలా పెద్దవాడైన హైమే మార్తీనెస్ దెల్ రియోతో పెళ్లి. ‘దెల్ రియో’ ఆయన ఇంటిపేరే. 1925లో ఎడ్విన్ క్యారూ అనే అమెరికన్ దర్శకుడు మెక్సికో నగరానికి వచ్చినప్పుడు ఆవిడ నాట్యం చూసి సినిమాల్లోకి పిలిచాడు. ఆ తరగతి ఆడవాళ్లు తెర మీదికి రావడం అప్పట్లో ఊహకందని సంగతి. భర్త వెంట వెళ్లాడు, కానీ ఆయన సినిమా రచనలు సాగలేదు, కాపురమూ నిలవలేదు. 1928లో బెర్లిన్‌లో చనిపోయాడు.

మూకీలు ఆవిడకు కలిసొచ్చాయి, ఎందుకంటే యాస ఎవరికీ వినబడదు. 1926 ‘వాట్ ప్రైస్ గ్లోరీ’లో ఫ్రెంచ్ పిల్ల, మరుసటి ఏడాది టాల్‌స్టాయ్ నవల ఆధారంగా తీసిన ‘రిజరెక్షన్’లో రష్యన్ కత్యూషా, 1928 ‘రామోనా’లో కాలిఫోర్నియా ఆదివాసీ రక్తం ఉన్న యువతి. టాకీలు వచ్చాక కూడా అదే వరస: పసిఫిక్ దీవుల పిల్ల, బ్రెజిల్ పిల్ల, ఫ్రెంచ్ రాజుగారి ప్రియురాలు మదాం దు బారీ. ప్రపంచంలోని అన్ని దేశాల ఆడపిల్లగానూ పనికొచ్చింది. మెక్సికన్‌గా వేసిన ‘గర్ల్ ఆఫ్ ది రియో’ మీద మెక్సికో ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది. కళాదర్శకుడు సెడ్రిక్ గిబ్బన్స్‌తో పెళ్లి, అద్దాల్లాంటి ఇల్లు, పత్రికల్లో బొమ్మలు, అన్నీ ఉన్నాయి. లేనిది పాత్ర.

1943 నాటికి ఆవిడకు 38 దాటాయి. మన దగ్గరైతే ఆ వయసుకు కథానాయికకు వదిన వేషం సిద్ధంగా ఉంటుంది. మెక్సికోలో దర్శకుడు ఎమీలియో ఫెర్నాందెస్, ఛాయాగ్రాహకుడు గబ్రియేల్ ఫిగెరోవా, నటుడు పెద్రో అర్మెందారిస్‌లతో ఒక జట్టు కుదిరింది. ‘ఫ్లోర్ సిల్వెస్త్రే’, ‘మరియా కాందెలారియా’, ‘లాస్ అబందొనాదాస్’ వరసగా వచ్చాయి. మూడో సినిమాకు మెక్సికో సినిమా బహుమతి అయిన ఆరియెల్ అవార్డు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అందుకుంది, ‘దోన్యా పెర్ఫెక్తా’కు ఒకసారి, ‘ఎల్ నీన్యో ఇ లా నియెబ్లా’కు ఒకసారి. వీటిని ఇంటిదారి పట్టినావిడ ఖాతాలో ఎలా వేస్తారు?

కరివేపాకు:

పాతరీలు గారి మాట కాదనను గానీ ‘మరియా కాందెలారియా’ చూసి నేను ఇబ్బంది పడ్డాను. సొచిమిల్కో కాలువల మధ్య పూలమ్ముకునే ఆదివాసీ పిల్లగా దురాంగో బ్యాంకు అధికారి కూతురు, సన్నగా దిద్దిన కనుబొమలతో, రెండు జడలు వేసుకుని! హాలీవుడ్‌లో రష్యన్ వేషం వేయించారని కోప్పడుతున్నారే, ఇది మాత్రం వేషం కాదా? పాత్ర వయసుకీ ఆవిడ వయసుకీ ఉన్న దూరం సరేసరి.

పాతరీలు:

వేషమే. దర్శకుడికి అది తెలియక కాదు, ఆయన తల్లి కికాపూ అనే ఆదివాసీ తెగ మనిషి. కనుబొమల విషయంలో మీతో వాదించను, ఎవరు చూసినా ముందు అవే కనబడతాయి.

అయినా కథ గుర్తుచేసుకోండి. తల్లి వేశ్య అన్న కారణంతో ఊరు మరియాను వెలివేసింది. ఒక పందిపిల్లను పెంచి, దాని పిల్లల్ని అమ్మి పెళ్లి చేసుకోవాలని మరియా, ఆమె ప్రియుడి ఆశ. బాకీ పేరుతో దుకాణదారు దాన్ని చంపేస్తాడు. మరియాకు మలేరియా వస్తే ప్రియుడు క్వినైన్ దొంగిలించి జైలుకెళ్తాడు. అతన్ని విడిపించే డబ్బు కోసం ఆమె చిత్రకారుడి ముందు కూర్చుంటుంది, నగ్నంగా నిలబడనంటుంది. చిత్రకారుడు ముఖం ఈమెది, శరీరం వేరొకరిది వేస్తాడు. ఆ బొమ్మ చూసి ఊరు ఊరంతా రాళ్లతో తరిమి చంపుతుంది.

ఇప్పుడు ఆ నటి బతుకు పక్కన పెట్టి చూడండి. మనిషిని చూడకుండా ముఖం మాత్రం తీసుకుని దాని కింద తమకు కావలసిన శరీరం అతికించిన చిత్రకారుడు ఎవరు? పదిహేనేళ్లకు పైగా హాలీవుడ్ ఆవిడ విషయంలో చేసింది అదే. దర్శకుడు ఇదంతా ఆలోచించే తీశాడని నేను అనను. కానీ చివర్లో తరుముతుంటే ఆవిడ పరుగెత్తే తీరులో అందంగా కనబడాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. ఫిగెరోవాకు ఆ ఏడాది కాన్‌లో ఛాయాగ్రహణ బహుమతి కూడా ఇచ్చారు, అందరూ ఆయన మబ్బుల్నే మెచ్చుకుంటారు. ఆ మబ్బుల కింద ఎవరున్నారో కూడా కాస్త చూడండి.

రైలుగేటు:

మెక్సికో నటి అంటే మరియా ఫెలిక్స్ అనుకునే పక్షం నాది. హాలీవుడ్ ముఖం చూడకుండానే రాణిలా బతికింది. ఇద్దరూ కలిసి చేసిన ‘లా కుకరాచా’ (1959) చూడండి, ఫెలిక్స్ చుట్ట కాలుస్తూ సైనికుల్ని శాసిస్తుంటే మీ దొలోరెస్ నల్లబట్టల్లో మర్యాదగా నిలబడి ఉంటుంది. ఆస్కార్ ప్రతిమకు నగ్నంగా నిలబడిన మోడల్ ఎమీలియో ఫెర్నాందెసేననీ, ఆ ప్రతిమను రూపొందించిన గిబ్బన్స్‌కు అతన్ని పరిచయం చేసింది దొలోరెసేననీ అంటారు, ఆ ముచ్చట చెప్పలేదేం?

పాతరీలు:

ఆస్కార్ ప్రతిమలు మొదటిసారి పంచింది 1929 మే నెలలో. దొలోరెస్ గిబ్బన్స్‌ను పెళ్లాడింది 1930లో. తారీఖులే ఆ కథకు అడ్డం పడుతున్నాయి కాబట్టి చెప్పలేదు.

ఫెలిక్స్ సంగతి: ఆవిడ ఎక్కడైనా ఫెలిక్సే, అది ఆవిడ బలం. ఇద్దర్నీ పోటీ పెట్టడం పత్రికలకు కావాలి, నాకక్కర్లేదు. పోల్చాలనుకుంటే ఇంకో మెక్సికన్ నటి కేతీ హురాదోతో పోల్చండి. 1954లో ‘బ్రోకెన్ లాన్స్’లో వేషం మొదట దొలోరెస్‌దే. స్పెయిన్ అంతర్యుద్ధపు శరణార్థులకు సాయం చేసిందనీ, కమ్యూనిస్టు సానుభూతిపరురాలనీ అనుమానించి అమెరికా వీసా ఆపేసింది. ఆ పాత్ర హురాదోకు వెళ్లింది, దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. దొలోరెస్‌ను మళ్లీ రానిచ్చాక 1960 ‘ఫ్లేమింగ్ స్టార్’లో ఎల్విస్ ప్రెస్లీకి తల్లి వేషం ఇచ్చారు, కయోవా తెగ స్త్రీగా. చూశారా, మళ్లీ ఇంకో జాతి!

నలుపుతెలుపు:

అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం ‘లా ఓత్రా’. ఒక్క సందేహం, మూకీల్లో ఏదైనా తప్పక చూడవలసింది ఉందా? స్పానిష్ సినిమాలకు ఉపశీర్షికలు వెతుక్కోవాలి, మూకీలకు ఆ బెడద తక్కువ.

పాతరీలు:

‘రామోనా’. చాలాకాలం పోయిందనుకున్నారు. ప్రాగ్‌లోని ఫిల్మ్ ఆర్కైవ్‌లో ప్రతి దొరికితే బాగుచేసి 2014లో మళ్లీ ప్రదర్శించారు. క్యారూ కూడా చికాసా తెగ మూలాలున్నవాడే, అందుకే ఊరి మీద దాడి జరిగే ఘట్టం ఆ కాలపు మిగతా సినిమాల్లా ఉండదు. ‘లా ఓత్రా’ చూసి ఇక్కడ రాయండి. కరివేపాకు గారూ, మీరు కూడా చూడండి, అందులో కనుబొమల మీద ఫిర్యాదుకు చోటు తక్కువ.