ఫ్రిస్కోలో జపనీస్ మేపుల్ ఆకుల చివర్లు మాడిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్):
అందరికీ నమస్కారం. మార్చిలో ఇంటి ముందు జపనీస్ మేపుల్ పెట్టించాం, బ్లడ్‌గుడ్ రకం, మనిషెత్తు ఉంటుంది. ఏప్రిల్, మే అంతా ఎర్రగా భలే ఉండింది, వాకింగ్‌కి వెళ్లేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. జులై వచ్చేసరికి ఆకుల చివర్లు ఎండిపోయి ముట్టుకుంటే గరగరమంటున్నాయి, మిగతా ఆకు కూడా ఎరుపు పోయి అదోలా ఆకుపచ్చగా అవుతోంది. పడమటి వైపు ఇటుక గోడ పక్కన ఉంది, లాన్‌తో పాటే స్ప్రింక్లర్ నీళ్లు పడతాయి. పెట్టినవాళ్లేమో ఫెర్టిలైజర్ వేయమన్నారు, మా ఆయన ఫంగస్ మందు కొడదామంటున్నారు. ఏది చేయమంటారు? చాలా ఇష్టపడి కొనుక్కున్నాం, చచ్చిపోతుందేమోనని దిగులుగా ఉంది.

జవాబు (ప్లేనో, ఫ్రిస్కో పక్క ఊరు):
రెండూ వద్దండీ, దయచేసి ఆగండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది తెగులు కాదు, ఎండదెబ్బ, ఇక్కడ లీఫ్ స్కార్చ్ అంటారు. ఆకుల్లోంచి నీళ్లు ఆవిరైపోయే స్పీడుకి వేర్లు అందివ్వలేకపోతే ముందు ఎండేది ఆకు చివర్లు, అంచులే. ఈ చెట్టు జపాన్, కొరియా అడవుల్లో పెద్ద చెట్ల కింద చాటున పెరిగే చిన్న చెట్టు, దాన్ని తీసుకొచ్చి పడమటి గోడ పక్కన పెడితే మధ్యాహ్నం ఎండ ఒక పక్క, గోడ వేడి ఇంకో పక్క, పైగా మన వడగాలి. ఫెర్టిలైజర్ వేస్తే అందులో లవణాలకి ఇంకా మాడుతుంది. ఎరుపు తగ్గడం గురించి మాత్రం భయపడకండి, బ్లడ్‌గుడ్ అయినా ఇంత వేడికి కాస్త ఆకుపచ్చగా మారుతుంది.

నీళ్ల సంగతే అసలు ముఖ్యం. ఇక్కడి మట్టి అచ్చం మన నల్లరేగడే, తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. నర్సరీ కుండీలో ఉండే మిక్స్ మాత్రం చెట్టు బెరడు పొడితో తేలిగ్గా ఉంటుంది, అందుకని చుట్టూ మట్టి తడిగా కనిపిస్తున్నా లోపల వేర్ల ముద్ద పొడిగా ఉండొచ్చు, లేకపోతే గొయ్యి తొట్టిలా నీళ్లు పట్టేసి వేర్లు కుళ్లుతూ ఉండొచ్చు, పైన ఆకులు చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అంచేత ముందు పొడుగు స్క్రూడ్రైవర్ మొదలు పక్కన గుచ్చి, వేలు పెట్టి కూడా చూడండి. పొడిగా ఉంటే హోస్ సన్నధారగా పెట్టి అర్ధగంట వదిలేయండి, మళ్లీ రెండు మూడు అంగుళాల లోతు ఆరేదాకా పెట్టొద్దు. స్ప్రింక్లర్ నీళ్లు పైపైనే తడుపుతాయి, ఆ నీళ్లు ఆకుల మీద కొట్టకుండా స్ప్రింక్లర్‌ని పక్కకి తిప్పేయండి.

ఇంకో మాట, మొదలు దగ్గర కాండం వెడల్పయి వేర్లలోకి దిగే చోటు పైకి కనిపిస్తోందా?

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ, కనిపించట్లేదు, మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు) కుప్పలా పోసేసి ఉంది, చేత్తో తీస్తే కింద ఇంకో మూడంగుళాలు మట్టి కూడా ఉంది. వేర్ల దగ్గర మాత్రం పొడిగానే ఉంది.

జవాబు (ప్లేనో):
అయితే ఆ మట్టి, మల్చ్ ఈరోజే మెల్లగా తీసేయండి, వేర్లు తెగకుండా. ఇక్కడ ల్యాండ్‌స్కేపింగ్ వాళ్లు చాలామంది ఇలాగే పూడ్చేసి వెళ్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే కాండం బెరడుకి గాలి ఆడక, చుట్టుకున్న వేర్లు గొంతు నొక్కేసి, నాలుగైదేళ్ల తర్వాత చెట్టు ఎందుకు పోయిందో కూడా ఎవరికీ తెలీదు. మల్చ్ రెండు మూడు అంగుళాలు చాలు, పాదంతా వెడల్పుగా పరిచి మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. ఇప్పుడు జులైలో మాత్రం చెట్టు కదపొద్దు. పడమటి వైపు కర్రలు పాతి షేడ్ క్లాత్ కట్టండి, డిసెంబర్, జనవరిలో ఆకులు రాలాక తూర్పు వైపుకి మార్చండి, పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం ఇంటి నీడ పడే చోటు. గొయ్యి వెడల్పు వేర్ల ముద్దకి రెండు మూడింతలు, లోతు మాత్రం ముద్ద కన్నా తక్కువే, మన బంకమట్టిలో రెండంగుళాలు పైకి ఉండేలా పెట్టాలి. లాన్‌కి వేసే వీడ్ అండ్ ఫీడ్, అంటే కలుపు మందు కలిపిన ఎరువు, దాని దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

ఇంకొకరు (న్యూజెర్సీ):
మా దగ్గర బ్లడ్‌గుడ్ ఫుల్ ఎండలోనే బాగుంటుంది, నీడ ఎక్కువైతేనే రంగు రాదు, కాబట్టి ఇటువైపు వాళ్లు ఇది చదివి చెట్టు నీడలోకి మార్చేయకండి. ఒకటి గమనించండి, చెట్టంతా కాకుండా ఒక్క కొమ్మే ఉన్నట్టుండి వాడిపోతే అది వెర్టిసీలియం అనే ఫంగస్ తెగులు కావచ్చు. ఆ కొమ్మ కోసి బెరడు కింద చెక్కలో ముదురు చారలున్నాయేమో చూడాలి. దానికి మందు లేదు, చెట్టు పోతే అదే చోట మళ్లీ మేపుల్ పెట్టకూడదు.

ఇంకొకరు (హైదరాబాద్):
ఆన్‌లైన్‌లో నీలం రంగు మేపుల్ విత్తనాలు చూశాను, మా బాల్కనీలో వస్తుందా అన్నా?

జవాబు (ప్లేనో):
నీలం ఆకుల జపనీస్ మేపుల్ అనేదే లేదు తమ్ముడూ, డబ్బులు పారేసుకోకు. మంచి రకాలు చాలావరకు అంటు కట్టినవే, విత్తనం వేస్తే తల్లి చెట్టులాగే వస్తుందని నమ్మకం లేదు. అన్నిటికీ మించి దీనికి ఏటా చలికాలం నిద్ర కావాలి, హైదరాబాద్ చలి దానికి సరిపోదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. మాడిన ఆకులు, ఎండు పుల్లలు కత్తిరించేయమంటారా?

జవాబు (ప్లేనో):
ఆకులు అలాగే ఉంచండి, సగం పచ్చగా ఉన్న ఆకు కూడా చెట్టుకి తిండి తయారుచేస్తుంది. పుల్లల్ని గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే వదిలేయండి, గోధుమ రంగులో పెళుసుగా ఉంటే అంతవరకే కోయండి. ఒకవేళ మొదట్లో అంటు కట్టిన చోటుకి కింద నుంచి పచ్చాకుల చిగురు ఏదైనా వస్తే మాత్రం అప్పటికప్పుడే తీసేయండి, అది కింది మొక్కది, వదిలేస్తే పైదాన్ని మించిపోతుంది.