గంజాయి కాని చెట్టులో సీబీడీ ఉంటే మనకు ఒరిగేదేమిటి?

వనమాలి:
2023లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో ఫెడరల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్రెమా మైక్రాంథా అనే చెట్టు పూలలో, కాయలలో సీబీడీ, అంటే గంజాయిలో ఉండే కన్నాబిడియోల్ అనే రసాయనం, ఉందని చెప్పారు. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ మాత్రం లేదట. దానికి దగ్గరి చుట్టమైన ట్రెమా ఓరియెంటాలిస్ మన తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని మొక్క పేరుతోనే నిర్వచించింది కాబట్టి ఈ చెట్టుకు ఆ చిక్కు లేదు. ఏజెన్సీ రైతులు గంజాయి కేసుల్లో ఇరుక్కునే బదులు దీన్ని పెంచుకుంటే తప్పేమిటి?

మందులచీటీ:
తప్పేమీ లేదు. తొందరే ఎక్కువ. సీబీడీ పనిచేస్తుందని గట్టిగా రుజువైనవి కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధులు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఎపిడియోలెక్స్ అనే సీబీడీ మందును ఆమోదించింది డ్రావే, లెనాక్స్-గాస్టో అనే రెండు మూర్ఛ సిండ్రోమ్‌లకే. మోతాదు చూడండి: సాధారణంగా రోజుకు కిలో బరువుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లవాడికి కనీసం 200 మిల్లీగ్రాములు, అదీ శుద్ధి చేసిన మందు. ఎన్ని బస్తాల కాయలు కోస్తే ఆ లెక్క తేలుతుంది? పైగా ఆ మందుతో కాలేయ ఎంజైములు పెరగవచ్చు కాబట్టి వైద్యులు రక్తపరీక్షలు చేయిస్తారు. నిద్రకో, నొప్పులకో సీబీడీ చుక్కలు వేసుకునేవాళ్లకు ఆ పరీక్షలు ఎవరు చేస్తారు?

వనమాలి:
మీరు మందు గురించి మాట్లాడుతున్నారు, నేను పంట గురించి అడిగాను. పరిశోధన జరగకుండానే కాదంటే ఎలా?

పశువైద్యం:
పంట అంటే ఒక మాట చెప్పాలి. దక్షిణ బ్రెజిల్‌లో ట్రెమా మైక్రాంథా ఆకులు మేసిన మేకలు, గుర్రాలు కాలేయం కుళ్లి చచ్చిపోయిన సంఘటనలు పశువైద్య పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. ఈ సంగతి వదిలేసి 'మత్తు లేదు, కాబట్టి హాని లేదు' అనడం నాకు నచ్చదు. మత్తు వేరు, విషం వేరు.

వనమాలి:
సరే, ఆకు వదిలేద్దాం. పండు, పువ్వు మాత్రమే తీద్దాం.

మందులచీటీ:
అది కూడా పరీక్షించాకే చెప్పాలి, గురువుగారూ.

మిరియాలచారు:
మీరంతా ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. మిరియాల్లోని బీటా-కారియోఫిలీన్ అనే పదార్థం, గంజాయి రసాయనాలు అతుక్కునే సీబీ2 అనే గ్రాహకాన్ని (మన కణాల మీది తాళం లాంటిది) పట్టుకుంటుందని 2008లోనే తేలింది. రోజూ చారు తాగే మనం ఎప్పటినుంచో ఈ వైద్యంలోనే ఉన్నాం!

రసాయనం:
చారు తాగండి, అభ్యంతరం లేదు. కానీ అది సీబీడీ కాదు. అసలు సీబీడీ స్వయంగా ఆ గ్రాహకాన్ని గట్టిగా పట్టుకోదు. పనిచేసే తీరే వేరు. దక్షిణాఫ్రికాలోని హెలిక్రైసమ్ అంబ్రాక్యులిజెరమ్ మొక్కదీ ఇదే కథ. అది తయారుచేసేది గంజాయిలోని మరో రసాయనమైన సీబీజీ, దాని ఆమ్లం. 2023లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ పరిశోధన సంస్థ ఆ మొక్క వాటిని తయారుచేసే దారిని ఎంజైములతో సహా వివరించింది. మంచి శాస్త్రమే, కానీ సీబీడీ కోసం దాన్ని నాటితే దక్కేది ఎండుపూలే. బీరులో వాడే హాప్స్ గంజాయి కుటుంబానిదే అయినా మామూలు హాప్స్‌లోనూ సీబీడీ ఉండదు. 'హాప్స్ సీబీడీ' అని సీసా కనిపిస్తే అది నిజానికి ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. వనమాలి గారికి అసలు పోటీ ఇంకొకటి ఉంది: 2019లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఈస్టులో సీబీడీ తయారుచేసి చూపించారు. అణువు ఒకటే అయినప్పుడు కొండ మీద చెట్టుకంటే ట్యాంకులో ఈస్టే చవక పడవచ్చు.

వనమాలి:
చవక ఎవరికి? ట్యాంకు కంపెనీది, కొండ గిరిజనులది. ట్రెమా త్వరగా పెరుగుతుంది, బీడునేలలోనూ నిలుస్తుంది. కాయల్లో ఎంత శాతం ఉందో మన విశ్వవిద్యాలయాలు కొలవడానికైనా ఒప్పుకుంటారా?

పశువైద్యం:
కొలవడానికి నేను ముందే సరే. కానీ ఆకుల్లోని విషాన్నీ అదే పరీక్షలో కొలవాలి. మేకలు మేసే చోట నాటే ముందు ఆ రెండో సంఖ్య నాకు కావాలి.