‘ఆడర్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: బ్రిటన్ పాముల గురించి పిల్లల కోసం ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అక్కడి స్థానిక జాతులు మూడే. విషమున్నది ‘ఆడర్’ ఒక్కటే. దాన్ని ‘కట్లపాము’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, దయచేసి మార్చండి. కట్లపాము నాగుపాముకు చుట్టం, గుడ్లు పెడుతుంది. ఆడర్ పింజర జాతిది. మన రక్తపింజరలాగే పిల్లల్ని కంటుంది. కంటిపాప నిలువు చీలికలా ఉంటుంది, వీపు పొడవునా వంకర టింకర గీత సాగుతుంది. ‘పింజర’ అనండి, ‘రక్త’ మాత్రం తగిలించకండి. రక్తపింజర నేటికీ మన పొలాల్లో రైతుల ప్రాణాలు తీస్తోంది. ఆడర్ కాటుతో బ్రిటన్‌లో చివరి మరణం 1975లో జరిగింది.

నాకు ఇంకా ఇష్టమైన మాట ‘పొడ’. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువడిన తన కోరమాండల్ పాముల గ్రంథంలో రక్తపింజరను ‘కాటుకరేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. పొడ అంటే మచ్చ. ఆ పాము మచ్చలకు కాటుక దిద్దినట్టు నల్లటి అంచులుంటాయి. ఆ పేరు పెట్టిన పల్లెవాసుల చూపు ఎంత నిశితం! కట్లపాముల శాస్త్రనామం ‘బంగారస్’ కూడా మన ‘బంగారు పాము’ నుంచి వెళ్లిందే.

ప్రశ్న: మరి ‘గ్రాస్ స్నేక్’? ‘పసిరిక పాము’ అని రాశాను.

జవాబు: పేరులోని గడ్డి మిమ్మల్ని పక్కదారి పట్టించింది. పసిరిక చెట్టుకొమ్మల మీద ఉంటుంది. ఇది నీటిపట్టున తిరుగుతూ కప్పలు తినే విషం లేని పాము, మన నీరుకట్టెకు దగ్గరి బంధువు. మెడ దగ్గర పసుపు పట్టీ ఉంటుంది కాబట్టి ‘పట్టీ నీరుకట్టె’ అంటే పిల్లలకు బొమ్మ కళ్లకు కడుతుంది. మూడోదైన ‘స్మూత్ స్నేక్’ను ‘నున్నపాము’ అనవచ్చు.

ఆడర్ అసలు పేరు ‘నాడర్’. ముందున్న ‘ఎ’తో కలిపి పలకడంలో ‘ఎ నాడర్’ కాస్తా ‘యాన్ ఆడర్’గా విడిపోయి, నకారం జారిపోయింది. అదే మూలం నుంచి వచ్చిన ‘నాటర్’ జర్మన్‌లో నిలిచింది, కానీ అక్కడ ‘రింగెల్‌నాటర్’ అంటే ఈ పట్టీ పామే! ఒకే మాట ఒక భాషలో విషసర్పానికీ, పక్క భాషలో విషం లేని పాముకూ అంటుకుంది. అందుకే పాముల అనువాదంలో నిఘంటువు కన్నా ముందు పామును చూడమంటాను.

ప్రశ్న అడిగినవారు: మార్చాను. ‘బ్రిటన్ పొడపాము’ అని రాసి, పక్కన ‘పింజర జాతి’ అని చేర్చాను.